చెంప మీద పెన్సిలు

జూన్ 3

ఒరే తమ్ముడూ,

నువ్వూ చిన్నదీ ఒకచోట చేరితే ఇంటి సంగతి ఇద్దరికీ గుర్తుండదని నాకు తెలుసు. అయినా ఒక కార్డు ముక్క రాస్తే మీ సొమ్మేం పోయింది? చెల్లెలు రేవు పట్నంలో హోటల్ ఉద్యోగానికి బయలుదేరి నెల దాటింది. "అన్నయ్య ఊరు అక్కడికి రెండు గంటలే కదక్కా, సెలవు దొరికితే వాడి దగ్గరికే పోతాను" అంటూ బస్సెక్కింది. అప్పటి నుంచీ అమ్మ పోస్టుమాన్ కోసం కళ్ళు కాయలు కాచేలా చూస్తోంది. చిన్నదానికి ముక్కు మీద కోపం, ఏదో అలిగి రాయలేదనుకుంటాను. నీకేం రోగం?

స్టూడియో ఎలా ఉందని నువ్వు అడగవు, నేనే చెబుతాను. నువ్వా పత్రికాఫీసులో ఫోటోలు దిద్దే కొలువుకి పోయాక నెగటివ్‌ల మీద నువ్వు చేసే పెన్సిలు పనికి, టచింగ్‌కి, ఒకతన్ని పెట్టానా, అతను ఎవరొచ్చినా ఒకే జత కనుబొమ్మలు దిద్దుతాడు. మొన్న ఒక ప్లీడరుగారు భార్యతో, అత్తగారితో వచ్చి ఫోటో దిగారు. ప్రింటులో ముగ్గురూ తోడబుట్టినవాళ్ళలా ఉన్నారు. ప్లీడరుగారు నవ్వి ఊరుకున్నారు గానీ అత్తగారు మాత్రం ప్రింటు బల్ల మీద పడేసి చక్కా పోయింది. నాన్న ఉంటే అతన్ని ఆ పూటే సాగనంపేవాడు. నాకు ఇంకొకరు దొరకరు కాబట్టి భరిస్తున్నాను.

లోపలి గదిలో ప్రింట్లు ఆరబెట్టి అంచులు కత్తిరించే పని చిన్నదానిది కదా, ఇప్పుడు ఆ పని కూడా నా నెత్తినే పడింది. నేను కత్తిరిస్తే అందరి చెవులూ అంచుకి తగులుతున్నాయి.

దాని చేత నాలుగు ముక్కలు రాయించు. తిండి ఎలా ఉందో, గది ఎలా ఉందో రాయమను.

మీ అక్క

*

జూన్ 8

అక్కా,

నీ ఉత్తరం నవ్వుతూ మొదలుపెట్టి సగంలోనే లేచి నిలబడ్డాను. చిన్నది నా దగ్గరికి రాలేదు. ఒక్కసారి కూడా రాలేదు. హోటల్ చిరునామాకి రెండు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. "నీ కోపానికి ఆ హోటల్లో గదులన్నీ ఖాళీ అయిపోతాయి" అని ఏడిపిస్తూ రాశాను కాబట్టి అలిగి ఉంటుందనుకున్నాను. ఇంటికైనా రాస్తోందిలే అని నేను, నా దగ్గరుందిలే అని నువ్వు, ఇద్దరం నిశ్చింతగా కూర్చున్నాం.

నువ్వేమీ కంగారుపడకు. కొత్త ఉద్యోగం, తీరిక ఉండదు. ఆఫీసులో నా పరిస్థితి బాగాలేదు గానీ సెలవు అడుగుతాను. పోయిన వారం ఒక పెద్దమనిషి ఫోటోలో పక్కన నిలబడ్డ ఇంకో పెద్దమనిషిని తీసెయ్యమన్నారు. తీసేశాను. ఆయన చెయ్యి మాత్రం ఈయన భుజం మీద ఉండిపోయింది. పొద్దున పేపరు వచ్చేదాకా ఎవరూ చూడలేదు. ఎడిటరుగారు నన్ను పిలిచి, "ఈ చెయ్యి ఎవరిదండీ?" అని నెమ్మదిగా అడిగారు. తిట్టినా బాగుండేది.

ఈ ఆదివారమే రేవు పట్నం వెళ్ళి దాని చెవి మెలేసి ఉత్తరం రాయిస్తాను. అమ్మకి నా దగ్గరే ఉందని చెప్పు.

నీ తమ్ముడు

*

జూన్ 15

అక్కా,

టెలిగ్రాం ఇస్తే అమ్మ చేతిలో పడుతుందని ఉత్తరమే రాస్తున్నాను. నువ్వొక్కదానివే చదువు.

హోటల్లో చిన్నది లేదు. అసలు చేరలేదు. మేనేజరు మంచివాడే, కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. ఫైలు తీసి చూపించాడు. దరఖాస్తుకి పిన్ను గుచ్చి మన స్టూడియో ఫోటో ఉంది, నీ షో అద్దంలో ఉన్నదే. "ఈ అమ్మాయి రానేలేదండీ. ఈమె పేరు చెప్పుకుని ఇంకెవరో వచ్చింది. ఎడమ చెంప మీద కంటి దగ్గర్నుంచి దవడ దాకా ఎర్రటి మచ్చ. కాగితాలు ఎక్కడ సంపాదించిందో ఏమో, మోసం కేసు అనుకుని పంపేశాం" అన్నాడు.

"ఆమె ఏమీ అనలేదా?" అని అడిగాను.

"'అది నేనే' అంది. రెండుసార్లు అంది. నేను ఫోటో తిప్పి చూపించాను. కాసేపు దాన్నే చూసి వెళ్ళిపోయింది."

ఆ చెంప మీద పెన్సిలు పట్టింది నేను. మన గడప దాటే ముఖానికి మచ్చ ఉండకూడదని నాన్న పెట్టిన రూలు ఉంది కదా. ఆ నెగటివ్ మీద పెన్సిలు పని భూతద్దం పెట్టి చూసినా తెలియకుండా చేశానని నువ్వే మెచ్చుకున్నావు. నిజంగానే అంత బాగా చేశాను, ఎదురుగా నిలబడ్డ మనిషిని కూడా నమ్మనంత బాగా.

అది అక్కడినుంచి ఇంటికీ రాలేదు, నా దగ్గరకీ రాలేదు. పోలీసులకి చెప్పాను. పోస్టర్లు వేయాలి. టచింగ్ చేయని ఫోటో ఒకటి చూసి వెంటనే పంపు. లేకపోతే ఆ షో అద్దం ఫోటో నెగటివ్ తీసి, దూదిని టర్పెంటైన్‌లో ముంచి మెల్లగా తుడువు. పైన వార్నిష్ వేయలేదు, పెన్సిలంతా వచ్చేస్తుంది. అడుగున అసలు ముఖం అలాగే ఉంటుంది. ఆలస్యం చేయకు.

తమ్ముడు

*

జూన్ 19

తమ్ముడూ,

పెన్సిలు పట్టింది నువ్వని రాశావు. ఆ ఫోటో దరఖాస్తుకి గుచ్చి పంపింది నేనని రాయలేదు, కానీ నీ ఉత్తరం నిండా అదే ఉంది. చెంపకి మచ్చ ఉన్న పిల్లని చూసి మొదటే కాదంటారేమో, ఒకసారి పిలిపించుకుని మాట్లాడితే దాని తెలివి తెలుస్తుందని పంపాను. ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?

టచింగ్ చేయని ఫోటో కావాలన్నావు. పెట్టెలన్నీ కిందికి దించాను. పుట్టిన దగ్గర్నుంచీ దానివి ఎన్ని ఫోటోలో. ఊరందరికంటే ఎక్కువ సార్లు కెమెరా ముందు కూర్చున్నది అదే, కొత్త లైటు వస్తే దాని మీదే, కొత్త తెర వస్తే దాని ముందే. అన్నింటి మీదా నాన్న పెన్సిలో నీ పెన్సిలో నడిచింది. స్కూలు ఫోటోలో కూడా మనం ఊరుకోలేదు. ఇంట్లో కెమెరా పెట్టుకుని ఆ పిల్ల ముఖం ఉన్నదున్నట్టుగా ఒక్కటంటే ఒక్కటి లేదు.

నెగటివ్ మాత్రం కడగను. నువ్వు అరిచినా కడగను. మచ్చ కనిపిస్తే చెయ్యి అడ్డం పెట్టుకునే మనిషి అది. రేపు తిరిగొచ్చి "నా చెంపని ఊళ్ళో గోడలన్నిటికీ అతికించారా అక్కా?" అంటే దాని ముఖం ఎలా చూడను? ఫోటో కింద మచ్చ ఉంటుందని పెద్ద అక్షరాలతో రాయించు. కళ్ళున్నవాళ్ళకి చాలదా?

వంద ప్రింట్లు వేరే పార్సిల్లో పంపాను. అమ్మకి నీ దగ్గరుందని, చెయ్యి నొప్పి వల్ల రాయడం లేదని చెప్పాను. ఇప్పుడు అమ్మ ఆ చేతికి ఏ మందు రాయాలో రోజూ చెబుతోంది.

అక్క

*

జూన్ 28

అక్కా,

నిన్ను నేను ఏమీ అనలేదు. అనడానికి నాకేం హక్కుంది?

నాలుగు రోజులుగా సెలవు పెట్టి ఇక్కడే, రేవు పట్నంలో ఉన్నాను. బస్టాండులో, రేవు దారిలో, మార్కెట్లో పోస్టర్లు అతికించాను. ఒక టీ కొట్టామె నడుం మీద చెయ్యి పెట్టుకుని చదివింది. "ఫోటోలో ముఖం తేటగా ఉంది, కింద మచ్చ ఉందని రాశారు. ఏది నమ్మాలి బాబూ?" అంది. ఇంకొకతను మచ్చ ఉన్న అమ్మాయి ఒకామె బస్టాండు వెనక గిన్నెలు తోముతూ కనిపించేదని చెప్పి, ఫోటో చూసి, "ఈమె కాదు, ఈమె కలిగినవాళ్ళ పిల్లలా ఉంది" అని వెళ్ళిపోయాడు. అతని వెంటపడి ఆ చోటికి వెళ్ళాను. ఆ అమ్మాయి పని మానేసిందన్నారు. ఎక్కడికి పోయిందో తెలియదన్నారు.

ఆస్పత్రికి కూడా వెళ్ళాను. ఆస్పత్రి అంటే అర్థమైందిగా, ఎవరూ లేనివాళ్ళని ఉంచే గది. గుమస్తా ఫోటోల కట్ట నా ముందు పెట్టాడు. ఒకటి కట్టలోంచి పైకి లాగాను. నుదురు మన చిన్నదాని నుదురే. నీళ్ళలో దొరికిన మనిషట, ముఖం ఉబ్బి ఉంది. జేబులోంచి భూతద్దం తీసి ఎడమ చెంప చూశాను. శుభ్రంగా, తెల్లగా ఉంది. మచ్చ జాడ కూడా లేదు. "మా చెల్లెలు కాదండీ" అన్నాను. గుమస్తా ఆ కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

బయటికొచ్చి కడుపునిండా తిన్నాను అక్కా. వారం రోజుల్లో అదే మొదటి భోజనం. ఆవిడ ఎవరి చెల్లెలో అన్న ఆలోచన చెయ్యి కడుక్కునేటప్పుడు గానీ రాలేదు. సిగ్గేసింది. అయినా సంతోషం పోలేదు. బతికే ఉంది, అంతే. నువ్వు కూడా కాస్త తిను.

తమ్ముడు

*

జూలై 2

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి చాలా రోజుల తర్వాత కంటినిండా నిద్రపోయాను. లేచాక మళ్ళీ చదివాను. అప్పటినుంచీ కుదురు లేదు.

కీడెంచి మేలెంచమన్నారు. నాకు తెలియక అడుగుతున్నాననుకో. ఆస్పత్రివాళ్ళు చూపించిన ఫోటోలో తల వెనక నీడ ఎలా ఉంది? కత్తితో కోసినట్టు నల్లగా ఉందా? ముక్కు పక్కన, గడ్డం కింద నీడే లేకుండా ముఖమంతా ఒకటే తెలుపుగా ఉందా? నుదురు మెరిసిపోతోందా? అలా ఉంటే మీదకి వంగి ఫ్లాష్ కొట్టారన్నమాట. అంత దగ్గర్నుంచి కొడితే ఎర్ర మచ్చ ఏం ఖర్మ, మీసాలే మాయమవుతాయి. కొత్తలో నేను ఒక పెళ్ళికొడుకుని అలాగే తీసి నాన్న చేత చీవాట్లు తిన్నాను, నీకు గుర్తుండాలి. ఇదంతా నీకు నేను చెప్పాలా?

నేను వెర్రిదాన్నని, లేనిపోనివి ఊహిస్తున్నానని నువ్వు రాసేస్తే చాలు. అదే రాస్తావని ఎదురుచూస్తాను. కానీ రాసేముందు మళ్ళీ ఒకసారి ఆస్పత్రికి వెళ్ళు. ఈసారి ఫోటో చూడకు. మనిషిని చూడు.

అక్క

*

జూలై 10

అక్కా,

నీడ కత్తితో కోసినట్టే ఉంది.

మనిషిని చూడమన్నావు. చూడడానికి లేదు. నేను మొదటిసారి వెళ్ళిన రోజున అది ఆ గోడ అవతలే ఉంది. అంతకు రెండు రోజుల ముందే రేవులో మెట్ల దగ్గర నీళ్ళలోంచి తీశారట. జారిపడిందో, తనే దిగిందో చూసినవాళ్ళు లేరు. నేను కాదన్నాను కాబట్టి ఎవరూ లేని శవమని రాసుకుని మున్సిపాలిటీకి అప్పగించారు. వాళ్ళు ఆ పని పూర్తిచేసేశారు. ఇంకో ఇద్దరితో కలిపి చేశారట. ఏ చోటో చూపించారు, వెళ్ళి నిలబడి వచ్చాను.

ఆ గదిలో పనిచేసే ముసలాయన్ని ఈసారి అడిగాను. "మచ్చ ఎందుకు లేదు బాబూ, ఇదిగో ఇక్కణ్ణుంచి ఇక్కడిదాకా ఉంది" అని తన చెంప మీదే వేలితో గీసి చూపించాడు. "ఫోటోలో పడకపోతే నన్నడగొచ్చు కదా, బయట బెంచీ మీదే కూర్చున్నాను" అన్నాడు. నిజమే. మొదటిసారి అతని పక్కనుంచే నడిచి వెళ్ళాను. మనిషిని అడగకుండా ఫోటోని అడిగాను. మనింట్లో ఎవరైనా అదే చేస్తారు.

ఆస్పత్రికి ఫోటోలు తీసేవాడు ఒక చిన్న స్టూడియో వాడు. బతిమాలితే నెగటివ్ ఇచ్చి తన చీకటిగది కూడా వాడుకోమన్నాడు. నెగటివ్ చెంప దగ్గర బాగా నల్లబడి ఉంది. ఆ చోట వెలుగు ఇంకా ఎక్కువసేపు పట్టించి కాగితాన్ని మందులో వేశాను. ముందు జుట్టు వచ్చింది, కళ్ళు వచ్చాయి. తర్వాత మెల్లగా మచ్చ వచ్చింది. ఇన్నేళ్ళూ నేను చెరిపింది, దాని అంచులు నాకంటే బాగా ఎవరికి తెలుసు? అది మన చిన్నదే అక్కా.

అమ్మకి ఎలా చెబుతావో నాకు తెలియదు. నేను రానా?

తమ్ముడు

*

జూలై 17

తమ్ముడూ,

అమ్మకి చెప్పాను. "మరి చెయ్యి నొప్పి అన్నావు?" అంది. అంతే. ఆ తర్వాత ఇంతవరకూ నాతో మాట్లాడలేదు. నువ్వు ఇప్పుడే రావద్దు. నీ ముఖం చూస్తే నేను ఏమంటానో నాకే భయంగా ఉంది, నిన్ను కాదు, నన్ను నేనే.

నువ్వు పోస్టర్లు అతికించిందీ, దాన్ని నీళ్ళలోంచి తీసిందీ ఆ నాలుగు రోజుల్లోనే కదా. బస్టాండు దగ్గరే కదా అది గిన్నెలు తోమింది. ఆ గోడల మీద తన ఫోటో అది చూసే ఉంటుందా? హోటల్లో తనని తోసేసిన ముఖాన్నే మనం వెతుకుతున్నామని, తనని కాదని అనుకుని ఉంటుందా? దీనికి జవాబు రాయకు. నెగటివ్ కడగమన్నావు, నేను కడగలేదు. దాని పరువు కాపాడుతున్నానని అనుకున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

షో అద్దంలోంచి ఆ ఫోటో తీసేశాను. నువ్వు తీసిన ప్రింటు నాకు పంపకు. అమ్మ గోడకి ఒక ఫోటో పెట్టమని సైగ చేసింది. ఏది పెట్టను? ఇంట్లో ఉన్నవాటిలో ఏదీ అది కాదు. అది ఉన్న ఫోటో ఒక్కటే, దాంట్లో ప్రాణం లేదు.

అక్క

*

జూలై 23

అక్కా,

పంపను. నల్లకాగితంలో చుట్టి నా పెట్టె అడుగున పెట్టాను.

ఇప్పుడైనా ఆ నెగటివ్ కడుగు. కిటికీ తలుపు తీసి పెట్టుకో, టర్పెంటైన్ వాసనకి నీకు తలనొప్పి వస్తుంది. దూదిని గట్టిగా అదమకు, చుట్టూ తిప్పుతూ తుడువు. దూది నల్లబడితే మార్చు. నల్లబడడం ఆగిపోయిందంటే నా పెన్సిలంతా పోయినట్టు. ఆరాక మామూలుగా ప్రింటు తియ్యి, ఎవరి చేతా టచింగ్ చేయించకు.

ఆఫీసులో రోజూ ముఖాలు వస్తున్నాయి. పెన్సిలు చేతికి తీసుకుని కూర్చుంటున్నాను, ఎక్కడా పెట్టబుద్ధి కావడం లేదు. ఎడిటరుగారు రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళారు.

అమ్మ మాట్లాడితే రాయి.

తమ్ముడు

*

ఆగస్టు 4

తమ్ముడూ,

కడిగాను. నువ్వు చెప్పినట్టే చేశాను. దూది మీద దూది నల్లబడింది. ఒక చెంపకి ఇంత పెన్సిలా అనిపించింది. ఆరబెట్టి ప్రింటు తీశాను. మచ్చ వచ్చింది. నేను భయపడినంత ఏమీ లేదు. మన ఇంట్లో తిరిగిన పిల్ల ముఖమే అది. దాన్ని దాచడానికి మనం ముగ్గురం ఇన్నేళ్ళు ఎందుకంత కష్టపడ్డామో ఇప్పుడు ఎంత ఆలోచించినా తెలియడం లేదు.

కానీ మచ్చ ఒక్కటే రాలేదురా. నవ్వు పోయింది.

పాత ప్రింటు పక్కన పెట్టి చూశాను. ఆ ఫోటోలో చిన్నది ఎంత బాగా నవ్వుతుందని ఊరంతా అన్నారు కదా. పెదవుల చివర్ల కిందికి దిగే నీడలు రెండూ నువ్వు పెన్సిలుతో పూడ్చావు. కంటి కింద గుంటలు పూడ్చావు. అవి పూడిస్తే నవ్వొచ్చింది. కడిగితే అసలు ముఖం బయటపడింది. అది ఆ రోజు నవ్వలేదు. నవ్వకపోవడం కూడా కాదు, ఇంకో నిమిషం కూర్చోబెడితే ఏడ్చేసేలా ఉంది. నిన్నేమీ అనడం లేదు. పెదవుల చివర్లు పైకెత్తడం మన షాపులో అందరికీ చేసేదే, నాన్న నీకు నేర్పిందే. ఎవరిదో గుర్తు పెట్టుకుని నువ్వు చేసి ఉండవు.

తీసింది నేను. నల్లగుడ్డ కింద తల పెట్టి కనురెప్పల మీద ఫోకస్ సరిచూశాను, కాలరు మీద వెలుగు చూశాను. కెమెరా వెనకున్న ఆ గరుకు అద్దంలో మనిషి తలకిందులుగా కనిపిస్తాడు, దిగులుతో వంగిన పెదవి నవ్వినట్టే ఉంటుంది, అందుకే నాకు తెలియలేదని నిన్నంతా సర్దిచెప్పుకున్నాను. అది వట్టి సాకు. ప్లేటు పెట్టాక గుడ్డలోంచి బయటికొచ్చి, దానికి రెండడుగుల దూరంలో నిలబడే కదా తీశాను. అప్పుడు దాని ముఖం నిటారుగానే ఉంది. నేను దాన్నే చూస్తూ "కదలకు" అన్నాను.

అమ్మ చూస్తే ఏమైపోతుందోనని రెండు రోజులు దాచాను. గోడకి మేకు కొట్టి ఖాళీగా ఉంచితే ఆ మేకు వంకే చూస్తూ కూర్చుంది. ఇక తప్పక తెచ్చి చేతికిచ్చాను. మచ్చ చూసి ఏడుస్తుందనుకున్నాను. నవ్వు ఏదని అడుగుతుంది, ఏం చెప్పాలా అని నిలబడ్డాను.

కొంగుతో ఒకసారి తుడిచి చూసింది. ఇన్నాళ్ళకి నోరు విప్పింది. "ఇదీ. ఇదీ నా చిన్నది. ఎప్పుడూ ఇలాగే ఉండేది" అంది.

నవ్వు ఏమైందని అడగనే లేదురా.

అక్క